రీలు అయిపోయిందని చెప్పిన పెండ్లి

1955 వేసవి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆఫీసర్లూ నాయకులూ ఊరంతా నిండిపోయి నా స్టూడియోకి కూడా గిరాకీ పెరిగింది. జిల్లా మొత్తంలో రెండు కెమెరాలతో పెండ్లికి పోయేది నేనొక్కణ్ణే అని గొప్పలు పోయేవాణ్ణి. నిజానికి ఇంకొకాయన కూడా ఉండేవాడు గానీ, ఆయన రెండో కెమెరా నెలలో సగం రోజులు మూలన పడి ఉండేది.

రెండు ఎందుకంటే, స్టాండు కెమెరా గ్రూపు ఫోటోకి. మూడుకాళ్ల మీద నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, గాజు ప్లేటు మీద తీసేది. ముఖాలు అద్దంలో చూసినట్టు వస్తాయి, కానీ మనిషి కదిలితే చెడిపోతుంది. తాళి కట్టేటప్పుడూ, తలంబ్రాలప్పుడూ చేతిలో పట్టుకునే రీలు కెమెరా కావాలి. రీలుకి పన్నెండు బొమ్మలు. ఎన్నోది నడుస్తోందో కెమెరా వెనక చిన్న ఎర్ర కిటికీలో అంకె కనపడుతుంది. ఆ అంకె తీసేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందుకే మా వృత్తిలో అందరం ఆడే అబద్ధం ఒకటుంది: ‘రీలు అయిపోయింది.’ పెండ్లికొడుకు బావమరుదులు మీసాలు దువ్వుకుంటూ వెంటపడితే ఈ మాటతోనే తప్పించుకునేవాళ్లం.

బనగానపల్లె దగ్గర ఒక పల్లెలో పెండ్లి. పెండ్లికూతురు లక్ష్మీదేవి. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి నాగమ్మ ఉన్న కాస్త మామిడితోటా తానే చూసుకుని ఒక్కగానొక్క కూతుర్ని పెంచింది. పెండ్లిలో మాత్రం ఆమె పందిట్లోకి రాలేదు. మేనమామా అతని భార్యా పీటల మీద కూర్చున్నారు. భర్త పోయిన మనిషి శుభానికి ఎదురు రాకూడదన్న పట్టింపు ఆ ఇళ్లల్లో అప్పుడు గట్టిగా ఉండేది.

నేను సాయిబునైనా ఆ పట్టింపులన్నీ నాకు కంఠోపాఠం. గ్రూపు ఫోటోకి మనుషుల్ని సర్దేటప్పుడు, ఎవరూ చెప్పకముందే బొట్టు లేని ఆడవాళ్లను పక్కకు జరిపేవాణ్ణి. అది నా పనితనం అనుకునేవాణ్ణి. ఆ రోజు కూడా గడప దగ్గర నిలబడిన నాగమ్మను చూసి, “కొంచెం లోపలికి జరగమ్మా, అంచున పడతాండావు” అన్నాను. ఆమె గబుక్కున లోపలికి పోయింది.

భోజనాలయ్యాక, అత్తగారింటికి బయలుదేరే ముందు లక్ష్మీదేవి నన్ను లోపలికి పిలిచింది. నాగమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

“అన్నా, మాయమ్మతో నాకొకటి తియ్యన్నా. ఒక్కటంటే ఒక్కటి.”

రీలు కెమెరాలో రెండు మిగిలి ఉన్నాయి. వాటిని బండి కోసం దాచిపెట్టాను. పెండ్లికొడుకు నాయన పొద్దున్నుంచి ఒకటే పోరు: “ఏమప్పా సాయిబూ, మా ఎడ్లు బాగ పడాల సూడు.” పైగా లోపల వెలుతురు తక్కువ, మగపెండ్లివారు చూస్తే ఏమంటారో అని జంకు. నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

“రీలు అయిపోయింది తల్లీ.”

“పోనీలేమ్మా,” అంది నాగమ్మ. “పెండ్లి పటంలో నా మొగం యాల?”

లక్ష్మీదేవి తల్లి కాళ్లకు మొక్కి, ఏడుస్తూ తల వంచుకుని బండెక్కింది. నేను రీలు కెమెరా ఎత్తింది ఆమె చూడలేదు. ఎడ్లను ఒకసారి, బండిని ఒకసారి తీశాను. ఎడ్లు చాలా బాగా వచ్చాయి.

రెండు నెలలకు ఆమె భర్తను వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చింది. నాగమ్మ వాంతిభేదులతో ఒక్క రోజులో పోయిందట. కబురంది వీళ్లు చేరేసరికి దహనం కూడా అయిపోయిందట.

“మాయమ్మ పటం ఇంట్లో ఒక్కటీ లేదన్నా. నువ్వు తీసినేట్లో యాడన్నా పడినాదేమో సూడు. మూలన ఉన్నా సాలు.”

గాజు ప్లేట్లన్నీ తీసి వెలుతురుకు పెట్టి చూశాను. అంత జాగ్రత్తగా సర్దాను కదా, ఒక్కదాంట్లోనూ లేదు. చివరికి కాంటాక్టు ప్రింటు తెచ్చి ఆమె చేతికిచ్చాను. అంటే రీల్లోని పన్నెండు బొమ్మలూ తీసిన వరసలోనే ఒకే కాగితం మీద చిన్నచిన్నగా అచ్చయి ఉంటాయి. చూసుకోమని నేనే ఇచ్చాను, ఆ వరస ఏం చెబుతుందో తోచనే లేదు.

ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటే చూస్తూ పోయింది. తాళి. తలంబ్రాలు. బంతి భోజనాలు. చివరి రెండింటి దగ్గర ఆగింది.

“ఇది మేము పోయిన బండి గదా?”

“అవునమ్మా.”

“మాయమ్మకు మొక్కినాకనే గదన్నా నేను బండెక్కింది?”

అవి వేరే రీల్లోవి అని ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కాగితం ఆమె చేతిలోనే ఉంది.

“అయిపోయిందంటివే. ఎడ్లకు ఉండిందా అన్నా రీలు?”

అరిచి తిట్టి ఉంటే బాగుండేది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. “పోదాం పా లక్ష్మీ,” అన్నాడు భర్త. కాగితాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ తరువాత ఏ పెండ్లికి పోయినా రీల్లో మొదటి బొమ్మ పెండ్లికూతురి తల్లిదే, ఆమెకు బొట్టు ఉన్నా లేకపోయినా. ముహూర్తానికి ముందే తీసేసేవాణ్ణి. ఒకటి రెండు ఇళ్లల్లో కెమెరాలు సర్దుకుని పొమ్మన్నారు, పోయాను. కొందరు తల్లులే కొంగుతో ముఖం కప్పుకుని వద్దన్నారు. వాళ్లను మాత్రం బతిమాలుకునేవాణ్ణి.

అవన్నీ వేరేవాళ్ల తల్లులు. లక్ష్మీదేవికి ఇప్పుడు ముగ్గురు పిల్లలని విన్నాను. అవ్వ ఎట్లుండేదని వాళ్లు అడిగితే, ఆమె నోటితో చెప్పుకోవాల్సిందే.