మూడు చప్పట్లు

నేను ఆడిన ఫుట్‌బాల్ క్లబ్బును బొగ్గు లారీల యజమాని ఒకాయన నడిపేవాడు. నెల జీతం, ఏడాది కాంట్రాక్టు. చండ్రుగొండ అవతల పత్తి ఏరి బతికే ఇంట్లోంచి వచ్చినవాణ్ని. కొత్తగూడెంలో బంతి తన్నినందుకు జీతమిస్తారంటే మా అమ్మ చాన్నాళ్లు నమ్మలేదు. నేను వెనక వరసలో బ్యాక్‌ని, పైగా కెప్టెన్‌ని.

మా పాత కోచ్ గనిలో బొగ్గు టబ్బులు లాగే ఇంజన్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ గంట ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే దించాలి, మూడు కొడితే పైకి లాగాలి. మాకూ అదే పెట్టాడు, గంటకు బదులు చప్పట్లు. మూడు వినిపిస్తే వెనక నలుగురం ఒక్కసారిగా ముందుకు ఉరకాలి. మా వెనక మిగిలిపోయిన అవతలి ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్ అయిపోతాడు, గోల్ కొట్టినా చెల్లదు. "సోంచాయించుడు నా పని, ఉరుకుడు మీ పని. రెండూ కలుపకుర్రి," అనేవాడు. ఆలోచన ఆయనది, పరుగు మాది. ఐదేళ్లు కలపలేదు. హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు.

వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడగానే యజమాని ఆయన్ని పంపేసి హైదరాబాద్ నుంచి కొత్త కోచ్‌ను తెచ్చాడు. ఈయన మా ఆటను ల్యాప్‌టాప్‌లో మాకే చూపించి, "ఇక్కడ నువ్వేం చూశావు? బంతి ఇటే ఎందుకిచ్చావు?" అని అడిగేవాడు. మ్యాచ్ మొదలైతే మాత్రం నోరు మెదపడు. ఏం చేయమంటారని అడిగితే, "గ్రౌండ్‌లో ఉన్నది నువ్వు కదా," అంటాడు. నాకు ఒళ్లు మండేది. చెప్పనివాడికి జీతమెందుకట? మళ్లీ క్వార్టర్‌కొచ్చి అన్నం ముందు కూర్చుంటే, ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది అనిపించేది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి బతుకైపోయింది నాది. ఎవరి మాట నమ్మాలో తెలియక మామూలు పాసులు కూడా తప్పుగా ఇచ్చేవాణ్ని.

సీజన్ ఆఖరి మ్యాచ్ ముందు ఆయన అందరికీ ఒకే మాట చెప్పాడు. ఎవరి కాంట్రాక్టు ఉంటుందో, ఎవరిది పోతుందో ఈ ఆట చూసి రాస్తానన్నాడు. నాకు చేతకాని పనులన్నీ ఆ పూట గుర్తొచ్చాయి. పత్తి ఏరడం తప్ప ఇంకోటి రాదు.

చివరి నిమిషాలు, స్కోరు ఒకటి ఒకటి. అవతలి వాళ్లు బంతి పట్టుకుని వస్తున్నారు. బెంచీ వైపు చూశాను, కొత్త కోచ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడు గ్యాలరీలోంచి మూడు చప్పట్లు వినిపించాయి. పాత కోచ్ టికెట్ కొనుక్కుని వచ్చి కూర్చున్నాడని నాకు తెలియదు. నా కాళ్లు ఉరికాయి, నన్ను అడగలేదు. మిగతా ముగ్గురూ కొత్త కోచ్ తెచ్చుకున్నవాళ్లు, ఆ చప్పట్లేమిటో వాళ్లకు తెలియదు. ఉన్నచోటే ఉన్నారు. నేను వదిలేసిన సందులోంచే గోల్ పడింది.

ఆట అయ్యాక గేటు దగ్గర పాత కోచ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "నా చేతులు ఊకోలే బిడ్డా. ముంచిన నిన్ను."

"మీరు సరిగ్గనే కొట్టిన్రు సార్," అన్నాను. కోపం రావాలి, రాలేదు. ఏడుపొచ్చింది.

అంతలో కొత్త కోచ్ మా దగ్గరికి వచ్చాడు. ఉన్నది చెబితే ఈ ముసలాయన్ని మళ్లీ గ్రౌండ్‌లోకి రానివ్వరు. "నా తప్పే సార్," అన్నాను.

"ముందుకు రావడం తప్పు కాదు. నలుగురూ వచ్చుంటే అది ఆఫ్‌సైడే. నువ్వు కదిలావు. మరి ఆ ముగ్గురికీ అరిచి ఎందుకు చెప్పలేదు? కెప్టెన్‌వి కదా."

ఐదేళ్లలో గ్రౌండ్ మీద నా అంతట నేను ఎవరికైనా ఒక్క మాట అరిచి చెప్పానా అని వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు. ఆయన అడిగింది కాంట్రాక్టు గురించి కాదని తెలుస్తూనే ఉంది, కాంట్రాక్టు పోయిందనీ తెలుస్తూనే ఉంది.

పాత కోచ్ నా చెయ్యి వదిలేశాడు. తనకన్నా చిన్నవాడైన కొత్త కోచ్ ముందు తల వంచుకుని, "ఆనికి అరుసుడు నేనే నేర్పలే సార్," అన్నాడు.