ఆపతి పైసలు

ఇయ్యాల మా ఊరి పంచాయతి మీటింగు అయింది. నేను గూడ మెంబరునే.

పత్తి ధర పడిపోయిన రెండేండ్లు బేరగాళ్లు రాక సంత పన్ను సరిగ వసూలు కాలే. ఆపతికని దాచిన పైసలన్నీ నౌకర్ల జీతాలకే అయిపోయినయి. ఈసారి భైంసా బేరగాళ్లు మళ్ళ వచ్చిండ్రు, సంత నిండింది, పన్ను మంచిగనే వచ్చింది. వాడలల్ల కరెంటు దీపాలు పెట్టిద్దామని నేనే అన్న. అందరు సరే అన్నరు.

అప్పుడు మా మెంబరు గంగవ్వ లేచి నిలబడ్డది. పోయినేడు ఊర్లె వాంతులు బేదుల గత్తర వచ్చినప్పుడు ఆమె బిడ్డ చనిపోయింది.

"గప్పుడు బావిల మందు వేసేతందుకు పైసల్లేవన్నరు. మళ్ళ గత్తరొస్తే గదే మాటంటరా?" అన్నది.

సర్పంచ్ తల దించుకున్నడు. "లేదవ్వా. మొదలు ఆపతి పైసలు జమ చేద్దాం. దీపాల సంగతి తర్వాత చూద్దాం" అన్నడు.

అందరికన్న ముందు నేనే చెయ్యెత్తిన. గంగవ్వ కొంగుతోటి కండ్లు తుడుసుకొని కూసున్నది.

ఇంటికొస్తుంటే మా వాడోళ్లు దీపాలెప్పుడొస్తయని అడిగిండ్రు. సంగతి చెప్తే కొందరు మొకం ముడుసుకున్నరు. మీరైతే ఏం చేద్దురు? తిట్టేదుంటే నన్నే తిట్టుండ్రి, గంగవ్వను గాదు.