జొన్న మొలకల షెడ్డు

బెంగుళూరులో ఒక చిన్న బ్రూవరీలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. చేరినప్పుడు నా పని తొట్లు కడగడం. తర్వాత ధాన్యం మూటలు మోశాను, మరపట్టాను, చివరి నాలుగేళ్ళూ బీరు కాచే పెద్దాయన పక్కన నిలబడ్డాను. ఆయన ధారవాడ వైపు మనిషి. పొద్దున్నే వచ్చి, ఎవరితోనూ మాట్లాడకముందు, ఆ రోజు వాడబోయే బార్లీ గింజలు నాలుగు నోట్లో వేసుకుని నమిలేవాడు. నాక్కూడా నాలుగు ఇచ్చేవాడు. "ముందు నమలు, తర్వాత మాట్లాడదాం" అనేవాడు.

బార్లీ పిండి మీద వేడినీళ్ళు పడగానే లేచే ఆవిరి నాకు భలే ఇష్టం. మా అమ్మ సంగటి కెలికేటప్పుడు ఇల్లంతా పట్టుకునే వాసన లాంటిదది. సెలవు రోజున కూడా ఆ వాసన కోసం వెళ్ళి కాసేపు నిలబడి వచ్చేవాణ్ణి. మాది నందవరం దగ్గర పల్లె, క్రైస్తవ కుటుంబం. చర్చిలో ఎవరైనా అడిగితే అమ్మ నేను "ఫుడ్డు కంపెనీ"లో ఉన్నానని చెప్పేది. నేనూ దిద్దలేదు.

నా భార్యకు ఆదోనిలో నర్సు ఉద్యోగం వచ్చింది. పాపను ఆమె దగ్గర వదిలి నేను బెంగుళూరులో ఉండటం ఇద్దరికీ ఇష్టం లేదు. నేనే మానేసి వచ్చాను. మొదటి రెండు నెలలూ వంట చేసి, పాపను బడిలో దింపి, మధ్యాహ్నమంతా గోడ వంక చూస్తూ కూర్చున్నాను. చేతులకు పని లేకపోతే మనిషి ఎంత చిరాకు పడతాడో నా భార్య కళ్ళారా చూసింది.

అలాంటి ఒక మధ్యాహ్నం పెద్దాయన ఫోన్ చేశాడు. "మీ వైపు నల్లరేగడిలో జొన్న బాగా పండుతుంది కదా! ఎన్నాళ్ళని బార్లీ ఒక్కటే వాడటం? జొన్నను మొలకెత్తించి, ఎండబెట్టి, నాకు పంపగలవా?" అన్నాడు.

పంపగలనని అనేశాను. ఫోన్ పెట్టాక గాని అర్థం కాలేదు, నాకు మాల్ట్ అంటే, అదే ఆ ఎండిన మొలకగింజ, మూటల్లో వచ్చేది మాత్రమే తెలుసని. గింజను నానబెట్టాలి, మొలక రానివ్వాలి, మొలక గింజలోని సత్తువనంతా తినెయ్యకముందే ఎండబెట్టి దాన్ని ఆపాలి. ఆ నాలుగైదు రోజుల్లో గింజ లోపల తీపి పుట్టడానికి దారి పడుతుంది. బీరైనా, చంటిపిల్లలకు కాచే రాగి మాల్టయినా మూలం అదే. పుస్తకంలో చదివితే ఇంతే.

మూతబడిన ఒక పత్తి జిన్నింగు మిల్లు వెనక, అందరూ షెడ్డు అనే గదిని బాడుగకు తీసుకున్నాను. మందపాటి రాతి గోడలు, ఎత్తయిన కప్పు, కింద బేతంచెర్ల బండలు. దూలాలకు ఇంకా పాత దూది పీచు వేలాడుతూ ఉండేది. ఎండాకాలంలో ఆదోనిలో అంత చల్లని గది దొరకడం నా అదృష్టం అనుకున్నాను. జొన్నలు నానబెట్టి, బండల మీద జానెడు మందాన పరిచి, మధ్యలో థర్మామీటరు గుచ్చి, నోటుపుస్తకంలో రాసుకుంటూ కూర్చున్నాను. రెండో రోజుకు పుల్లటి వాసన వచ్చింది. మూడో రోజుకు మధ్యలో బూజు పట్టింది.

ఆ బూజు గుట్టను పారతో ఎత్తుతుంటే తలుపు దగ్గర ఒకామె నిలబడి చూస్తోంది. పక్క గోడౌనులో వేరుశనగ కాయలు చెరిగే కూలి మనిషి. అరవైకి దగ్గర్లో ఉంటుంది వయసు.

"ఏమప్పా, ఇయ్యి విత్తనాలా, తిండిగింజలా?" అని అడిగింది.

"మొలకెత్తించి ఎండబెట్టాలని పెద్దమ్మా."

ఆమె లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, బాగున్న వైపు గుట్టలో చెయ్యి పెట్టింది. "ఇది ఉడుకుతాంది సూడు. మొలకొచ్చేటప్పుడు గింజకు జరమొచ్చినట్లయితాది. పలసగా పరిసి, పూటకు మూడుసార్లు తిరగెయ్యల్ల. నువ్వేమో పెండ్లికొడుకును కూసోబెట్టినట్ల కూసోబెట్టినావు."

తన తల్లి బాలింతలకు మొలక జొన్న పిండి చేసి పెట్టేదట. "మా యమ్మ సేస్తాండె, నేను తిరగేస్తాంటి" అంది. పనికి వస్తావా అని అక్కడికక్కడే అడిగాను. వస్తానంది. మర్నాడు వచ్చి గది కడిగింది, గోనెపట్టాలు తడిపింది, జొన్నలు చేటలో పోసుకుని చెరగడం మొదలుపెట్టింది. అప్పుడు అడిగింది, "ఇంత పిండి ఎవురికప్పా? ఆస్పత్రికా?"

అబద్ధం చెప్పడం చాలా తేలిక. మా అమ్మ చర్చిలో చెప్పే మాట నాలుక చివరికి వచ్చింది కూడా. కాని ఆమె నా ముఖంలోకి చూస్తోంది. "బీరుకు పెద్దమ్మా. బెంగుళూరులో చేస్తారు" అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది.

"నా మొగుడు సారాయి తాగి సచ్చినాడప్పా. యాబై గూడ నిండలేదు. ఈ సేతుల్తోనే నోరు తుడిసినాను." కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదేళ్ళు నేను పనిని ప్రేమించాను గాని, ఆ పని చివర ఎవరి ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించింది తక్కువ. మా బ్రూవరీకి వచ్చేవాళ్ళు ఒక గ్లాసు ముందు పెట్టుకుని రెండు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. అది నిజమే. ఆమె చెప్పిందీ నిజమే. ఇంటికి వచ్చి నా భార్యతో చెబితే, "నిజం చెప్పి మంచి పని చేశావు. ఇక ఆమె ఇష్టం" అంది.

వారం తర్వాత ఆమె మళ్ళీ తలుపు దగ్గర కనబడింది.

"నేను జొన్నలకు పనిసేస్తా. నీ బీరుకు గాదు. ఆ మాట నా కాడ ఎత్తగాకు" అంది.

సరేనన్నాను. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

అప్పటినుంచి పని దారిలో పడింది అని రాస్తే బాగుంటుంది గాని, అలా జరగలేదు. ఎమ్మిగనూరులో ఒక వ్యాపారి దగ్గర తెల్లగా, నిగనిగలాడే జొన్నలు చూసి మూటలు దింపించుకున్నాను. ఆమె ఒక గింజ కొరికి, "పాతయ్యి" అంది. చూపుకు ఎంత బాగున్నాయో చూపించాను. ఆమె గింజలు వంద లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, గూట్లో పెట్టింది. నేను ఆగకుండా మూటలన్నీ నానబోశాను. మూడో రోజు గుడ్డ విప్పి నా ముందు పరిచింది. సగం కూడా మొలవలేదు. బండల మీదవీ అంతే. మొలవని గింజలు కుళ్ళి, మొలిచినవాటిని కూడా చెడగొట్టాయి.

పక్కింటి బర్రెలకైనా వేద్దామంటే ఆమె గట్టిగా వద్దంది. "లేత జొన్న మొలక పసులు తింటే సస్తాయి. అంతమాత్రం తెలీదా?" నిజమే. అందుకే ఎండిన తర్వాత మొలకలనూ వేర్లనూ నలిపి, చెరిగి, గింజ మాత్రమే మిగుల్చుకుంటాం. ఆ మొలకలన్నీ ఎరువు గుంతలోకి వెళ్ళాయి.

తర్వాత ఇద్దరం బస్సెక్కి ఎమ్మిగనూరు, అక్కడినుంచి ఆటోలో నందవరం వైపు వెళ్ళాం. ఒక రైతు కళ్ళంలో అప్పుడే తూర్పారబట్టిన జొన్నలు రాశిగా పోసి ఉన్నాయి. ఆమె రాశి చుట్టూ తిరిగి, నాలుగు వైపులా గుప్పెడు గుప్పెడు తీసి, నోట్లో వేసుకుని నమిలింది. నాకూ ఇచ్చింది. రైతు మా ఇద్దరినీ వింతగా చూశాడు. "ఏంది, ఈడనే తినేసి పోతారా?" అన్నాడు. పొద్దున్నే బార్లీ గింజలు నమిలే పెద్దాయన గుర్తొచ్చి నేను నవ్వాను.

ఆ జొన్నలు దాదాపు అన్నీ మొలిచాయి.

ఆమె అన్నిసార్లూ గెలవలేదు. మొలక ఎంత పొడుగు రావాలన్న దగ్గర ఇద్దరికీ పెద్ద గొడవయింది. పిండికి చేసినట్టు, మొలక తొంగిచూడగానే ఎండకు వెయ్యాలంటుంది ఆమె. ఇంకా రావాలని నేను. "ముదిరితే గింజలో ఏముంటాది, బూడిద?" అంటుంది. చివరికి చెరి సగం పంచుకుని, ఎవరి గుట్ట వారు తిరగేసుకుని, రెండూ విడివిడిగా పెద్దాయనకు పంపాం. ఆయన నా గుట్టే బాగుందన్నాడు. ఆమెకు చెబితే మూతి తిప్పుకుని, "నోరు సరిగా లేనోళ్ళకు ఏం దెలుస్తాది" అంది. మర్నాటినుంచి మాత్రం మొలకను పొడుగు రానిచ్చింది.

చలికాలంలో పెద్దాయన రైలు దిగి ఆదోని వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. ఆమె పుట్టిల్లు కర్ణాటక సరిహద్దు పల్లె కాబట్టి కన్నడం ధారాళంగా మాట్లాడింది. అయిదు నిమిషాల్లో నేను ఆ గదిలో అక్కరలేని మనిషినయ్యాను. ఎండకు ఎప్పుడు వెయ్యాలో ఎలా తెలుస్తుందని ఆయన అడిగాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని గుట్టలోకి దింపి, ఒక గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టింది.

"దోసకాయ కోసినట్లు వాసన రావాల. పులుపు రాకూడదు" అంది.

పెద్దాయన ఆ గుప్పెడు మళ్ళీ మళ్ళీ వాసన చూశాడు. తర్వాత నావైపు తిరిగి, "నాకు పని నేర్పిన ఆయన కూడా ఇదే మాట చెప్పాడు. దోసకాయ అనే చెప్పాడు" అన్నాడు. మధ్యాహ్నం ఆమె తన సద్ది మూట విప్పి జొన్నరొట్టె, వేరుశనగలు నూరిన ఊరిమిండి పెట్టింది. ఆ కారానికి ఆయన కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా రెండో రొట్టె అడిగి తిన్నాడు.

మొదటి మూటలతో నేనే బెంగుళూరు వెళ్ళాను. జొన్నకు బార్లీకి ఉన్నట్టు పొట్టు ఉండదు. వేడినీళ్ళు పోశాక పిండి అడుగున బంకలా పట్టేసి, రసం చుక్క దిగలేదు. పెద్దాయన, నేను మోచేతుల దాకా తడిసి, గంటసేపు కెలికాం. చివరికి కడిగిన వరి పొట్టు తెప్పించి కలిపితే సన్నగా దారి దొరికింది. రాగి రంగు రసం జారుతుంటే ఒక గరిటెడు పట్టి తాగాను. తియ్యగా, వెనకాల కాలిన రొట్టె రుచితో ఉంది. తొమ్మిదేళ్ళలో ఎన్నోసార్లు ఆ గరిటె పట్టాను గాని, అందులో ఏ చేను గింజ ఉందో నాకు తెలిసింది అదే మొదటిసారి.

బీరు సిద్ధమయ్యాక మళ్ళీ వెళ్ళాను. కొంచెం మసకగా, తేలికగా, చివర్లో చిన్న పులుపుతో వచ్చింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఆడపిల్లలు తాగి, ఇదేం రుచో పోల్చుకోలేక ఒకరినొకరు అడుగుతున్నారు. ఒకామె "మా అవ్వ ఇంట్లో వాసన" అంది. నాకు వెళ్ళి చెప్పాలనిపించింది గాని, సిగ్గుపడి ఊరుకున్నాను.

ఆదోని వచ్చాక, ఇచ్చిన మాట ప్రకారం, బీరు ఊసెత్తలేదు. ఆమె రెండు రోజులు చూసి తనే అడిగింది, "ఆ జొన్నల పిప్పి ఏం జేసినారప్పా?"

"ఉడికిపోయింది కదా, బర్రెలకు వేశారు పెద్దమ్మా. బాగా తిన్నాయంట."

"పాలిస్తాయి" అంది. తిరగేసే చెక్కపార అందుకుంది.

జొన్నలు బీరుకే వెళ్తాయని అమ్మకు కూడా చెప్పేశాను. "నువ్వు తాగాకు నాయనా" అంది. చర్చిలో ఇప్పుడు నేను జొన్నల వ్యాపారం చేస్తానని చెబుతోందట. అది నిజమే కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు షెడ్డులో మరో ఇద్దరు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. పెద్దమ్మ వాళ్ళకు చెయ్యి గుట్టలో పెట్టడం నేర్పుతోంది, తిడుతూ. తన వంతు మొలక జొన్నలు కొంచెం ఇంటికి తీసుకెళ్ళి, వీధిలో ఎవరు ప్రసవించినా పిండి పట్టించి ఇస్తోంది. నా భార్య కూడా ఆస్పత్రిలో బాలింతలకు ఆ సంగతి చెబుతోంది. ఈ వారం నిమ్ము ఎక్కువగా ఉంది, గింజ ఆరడం లేదు. మిల్లు మేడ మీద పరిచినవాటిని మబ్బు పట్టినప్పుడల్లా నలుగురం పరుగెత్తి లోపలికి మోస్తున్నాం, ఎండ రాగానే మళ్ళీ పైకి. నిన్న మూడోసారి మోసేటప్పటికి ఆయాసంతో మెట్ల మీద కూర్చుండిపోయాను. "ఏమప్పా, అప్పుడే ముసిలోడివైతివి" అని పెద్దమ్మ నా తల మీదుగా మూట ఎత్తుకుని పైకి వెళ్ళిపోయింది.