పిడికెడు గడ్డి కొసరు

మొన్న హిందూపురంలో కోళ్ళ దాణా అమ్మే అంగడికి పోయి, మా కోడలు పెరట్లో పెంచుకుంటున్న నాలుగు నాటుకోళ్ళకని ఎండుగడ్డి సంచి ఒకటి తీసుకుని, అంగడాయన చెప్పిన ధర మారుమాట లేకుండా చేతిలో పెట్టేసరికి, జ్వరమేమోనని వెంట వచ్చిన కోడలు నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఆమె అనుమానంలో తప్పులేదు. కొత్తిమీర కట్ట దగ్గర పావుగంట నిలబడి రెండు పచ్చిమిరపకాయలు రాబట్టుకునే మనిషిని. ధర్మవరంలో నేను పట్టుచీర బేరం మొదలుపెడితే, నేసినాయన లోపలికి పోయి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. అటువంటి నాకు గడ్డి దగ్గర మాత్రం నోరు లేవదు. ఈ నోటికి బేరం నేర్పిన మా అవ్వ ఓడిపోయింది అక్కడే.

మా నాయనది పెనుకొండలో ఉప్పూ పప్పూ అమ్మే చిన్న అంగడి. అటూ ఇటూ కూడా అంగళ్ళే కాబట్టి, మాకు అక్షరాల కంటే ముందు కొసరు అనే మాట వచ్చింది. బెల్లం కొంటే గుప్పెడు పుట్నాలు, మూర పూలకు రెండు మొగ్గలు, ఏదో ఒకటి పైన పడితేనే ఆ బేరం పూర్తయినట్టు. మా ఆవుకు వరిగడ్డి బండి తోలుకొచ్చే ఆయనను మామ అని పిలిచేవాళ్ళం, చుట్టమేమీ కాదు. మోపులు దించిన తరువాత, అవ్వ కోళ్ళ గంపలోకని ఒక పిడికెడు గడ్డి ఆయనే పైన విదిల్చి పోయేవాడు. కోళ్ళ గడ్డికి కూడా ఒక ధర ఉంటుందని అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

వానలు తప్పిన ఏడు అది తెలిసింది. అంగట్లోకి ఈగలు తప్ప ఎవరూ రాని రోజుల్లో నాయన ఆవును సంతకు తోలాడు, అవ్వ కోళ్ళు కూడా ఒక్కొక్కటే పోయాయి. చివరికి మిగిలింది గుడ్లు పొదుగుతున్న ఒక కోడి. అది పిల్లలు లేపితే పెరడు మళ్ళీ నిలబడుతుందని అవ్వ ఆశ, లేకపోతే ఇంట్లో మనుషులు తప్ప ఊపిరుండే జీవమే ఉండదని భయం. గంపలో పాత గడ్డి రెట్టతో కుళ్ళింది. పాతగుడ్డ వేసి చూస్తే కోడి గోళ్ళు అందులో చిక్కుకుని ఒక గుడ్డు పగిలింది. అప్పుడు అవ్వ వీధిలో పోతున్న మామ బండికి అడ్డం నిలబడింది.

“ఏమప్పా, ఒక పిడికెడు రాలిస్తే నీ బండి తేలికవుతాది. ఎద్దులన్నా నాకు దండం పెడతాయి.”

“ఆవున్నప్పుడు కొసరిస్తి పెద్దమ్మా. ఇప్పుడు బేరమే ల్యాకపాయె, కొసరు యాడనుంచి వస్తాది? గొడ్లు డొక్కలెగరేస్తాంటే కోళ్ళకు పరుపులేయమంటావా?”

ఆ ఏడు మోపు ధర అడిగితే బియ్యం ధర చెప్పినట్టుండేది. అవ్వ పక్కకు తప్పుకుంది. అవ్వ అట్లా తప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. మామను మాత్రం ఏమంటాను, ఆయన ఎద్దుల ఎముకలు నాకూ కనపడుతూనే ఉన్నాయి.

చలికాలమది. బండల నేల మీద ఆవున్ననాడు మిగిలిన గడ్డి పరిచి, దాని పైన చాప వేసుకుని నేనూ అవ్వా పడుకునేవాళ్ళం. పొద్దున చాప చుట్టేటప్పుడు చూస్తే నా వైపు గడ్డి ఎప్పటిలాగే మెత్తగా ఉండేది, అవ్వ వైపు మాత్రం రోజురోజుకూ పలచబడి చివరికి బండ తేలింది. గంపలో కోడి పొడిగా, దర్జాగా కూర్చుని ఉంది. అమ్మ కోప్పడితే, “నాకు బండే హాయిగా ఉండాది లేవే” అని దగ్గేది. ఆ దగ్గు రొమ్ములో దిగింది. కోడి పిల్లలను లేపింది, అవ్వ మాత్రం ఆ చాప మీది నుంచి లేవలేదు.

పాడె కడుతుండగా మామ వచ్చాడు, ఎవరూ అడగకముందే రెండు చేతులా గడ్డి మోసుకుని. నాయన అలవాటు కొద్దీ చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

“దీనికి దుడ్లేందప్పా! పాడె గడ్డికి ఎవురన్నా బేరం చేస్తారా?”

వెదుళ్ళ మీద ఆ గడ్డిని మందంగా పరిచారు. ఆ చలికాలమంతా అవ్వ అంత మెత్తటి పక్క మీద పడుకోలేదు. కింద రాలిన పరకల్లో గింజలేమైనా ఉన్నాయేమోనని కోడి పిల్లలను వెంటేసుకొచ్చి కెలుకుతుంటే, ఎవరో అదిలించబోయారు. మామ చెయ్యి అడ్డం పెట్టి తల వంచుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు గడ్డి సంచిలో వస్తోంది, సంచి మీద ధర అచ్చేసి ఉంటోంది. కొసరు అనే మాట అంగళ్ళలో వినపడటమే తగ్గిపోయింది, అడిగేవాళ్ళు లేరు కాబట్టి లేదనేవాళ్ళూ లేరు. విదిల్చే చేతులు ఎక్కడైనా మిగిలి ఉన్నాయో లేదో అడిగితే కదా తెలిసేది. మిరపకాయలు అడగగలను, పూలు అడగగలను. గడ్డి అడిగే ధైర్యం మాత్రం నాకు ఆ పాడె దగ్గరే పోయింది.