ఉరుములకు భయపడిన వీరుడు

నా చిన్నప్పుడు, కొడుకును పోగొట్టుకున్న మా పక్కింటి పెద్దమ్మను ఊరివారు ఏడవనివ్వలేదు. నేను అన్నయ్యా అని పిలిచే ఆమె ఒక్కగానొక్క కొడుకు సరిహద్దులో మరణించాడు. పరామర్శకు వచ్చినవారందరూ “అమరుడి తల్లివి, కంటతడి పెట్టకూడదు” అనేవారు. ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయేది.

మా ఊరి పొలిమేరలో ఒక పాత వీరగల్లు ఉండేది. కత్తి ఎత్తిన మనిషి బొమ్మ, ముఖం అరిగిపోయింది. ఏటా దానికి పసుపు కుంకుమలు అద్దేవారు. దాని పక్కనే అన్నయ్యకూ రాయి నిలపాలని పెద్దలు నిర్ణయించారు. రాయి నిలిపే రోజున, చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన మా తాతయ్య పాత రాయిని చూపి, “ఈయన పేరేమిటి?” అని అడిగారు.

“పేరెందుకండీ మాస్టారూ, వీరుడంటే చాలదా?” అన్నారొకరు.

“చాలదు. ఈ అబ్బాయి విషయంలో కళ్ళారా చూసినది ఒక్కటి చెప్పి, ఆ తరువాతే కొత్త రాతి మీద చేయి వేయండి.”

అమరవీరునికి పాశ్చాత్యులు వాడే ‘మార్టిర్’ అనే మాట పూర్వం గ్రీకులో సాక్షికి పేరని, అరబ్బీలోని షహీద్ కూడా ఆ అర్థంలోనే పుట్టిందని ఆయన వివరించారు. ప్రాణమిచ్చి సాక్ష్యం పలికినవాని పట్ల బ్రతికున్నవారు అబద్ధం పలకరాదన్నారు.

ఒకరు అతని ఈత గురించి, మరొకరు వాగులోంచి అతడు లాగిన గేదె గురించి చెప్పారు. చివరకు పెద్దమ్మ వంతు వచ్చింది.

“వాడికి ఉరుములంటే భయం. మీసాలొచ్చాక కూడా నా కొంగు పట్టుకునేవాడు.”

“వీరుడి గురించి ఇదేం మాటమ్మా!” అని ఎవరో గొణిగారు.

“భయం లేనివాడు వెళ్ళాడనుకుంటే, వాడు ఇచ్చినదేమిటో మనకు తెలియనట్టే” అన్నారు తాతయ్య. పెద్దమ్మ రాతి మీద చేయి వేసి బిగ్గరగా ఏడ్చింది. ఎవరూ వారించలేదు.

నేను సిడ్నీలో స్థిరపడి చాలా కాలమైంది. ఏటా ఏప్రిల్‌లో, యుద్ధ మృతులను స్మరించే తెల్లవారుజామున, స్మరణకు గుర్తుగా చొక్కాకు రోజ్‌మేరీ రెమ్మ గుచ్చుకుని, మేముండే కెల్లీవిల్ నుండి మనవరాలితో స్మారకం వద్దకు వెళతాను. మౌనం పాటించవలసిన చోట మాటలు నాకు గిట్టవు. అయినా ఈసారి ఆమె నా చెవిలో అడిగింది:

“తాతా, వీళ్ళంతా బ్రేవ్ కదా, స్కేర్డ్ అవ్వలేదా?”

కార్యక్రమం ముగిశాక అన్నయ్య సంగతి చెప్పాను. ఆమె రాతి మీద చెక్కిన ఒక పేరుపై వేలు ఉంచి, “మరి ఇతనికి ఏదంటే భయం?” అంది. అది చెప్పగలిగిన అతని తల్లి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది.

ఆనాడు పొలిమేరలో నిలబడినవారిలో బహుశా నేనొక్కడినే మిగిలాను. ఎక్కడ ఉరిమినా, ఈ దేశంలోనైనా సరే, ఒక కొంగు కోసం వెతికే చేయి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.