ఆకు లేని టీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో వేడివేడిగా తాగేవి రెండే. ఒకటి పాలు పోసిన టీ, రెండోది మా అవ్వ, అంటే మా అమ్మకు అమ్మ, కాచే శొంఠి కాపీ. పేరుకే కాపీ, అందులో కాఫీ గింజ ఒక్కటీ ఉండదు. శొంఠి, ధనియాలు, బెల్లం, అంతే. కోలారు గనుల దగ్గరి మా ఆండర్సన్‌పేటలో అందరూ దాన్ని కాపీ అనే అంటారు.

అప్పట్లో మా చిన్నమ్మకు బెంగళూరు సంబంధం వచ్చింది. ఆ మహానుభావుడిది ఆఫీసు ఉద్యోగం. ఆ మాట వినగానే మా తాత ఉబ్బితబ్బిబ్బై, పిల్లను అడగకుండానే సరే అనేశాడు. పెళ్లికొడుకు ఇల్లు చూసి రావడానికి అవ్వ, చిన్నమ్మ, నేను రైలెక్కాం. దిగగానే దొరగారు ఎదురొచ్చి, ముందు మాకు నాగరికత నేర్పాలని కాబోలు, పేరున్న టీ అంగడికి తీసుకుపోయాడు.

అంగడి మాత్రం బాగుంది, ఉన్నమాట చెప్పాలి. గోడ నిండా గాజు సీసాలు, వాటిలో ఎండిన ఆకులు, దాల్చినచెక్క, నారింజ తొక్కలు. మల్లెపూల టీ అట! తలలో పెట్టుకునేవి గ్లాసులో తేలుతుంటే నోరు తెరుచుకుని చూశాను. ఆయనగారేమో మేం తాగే గుక్కకొక ఉపన్యాసం. చిన్నమ్మ ‘యాడ’ అంటే ‘ఎక్కడ’ అనమన్నాడు. నవ్వితే పళ్లు కనపడకూడదన్నాడు. రైల్లో గలగలా మాట్లాడిన మనిషి తల వంచుకుని గ్లాసులోకే చూస్తూ కూర్చుంది. ఛీ, ఇలాంటివాడితోనా మా చిన్నమ్మ బతకాల్సింది అని నాకే ఏడుపొచ్చింది.

ఆఖరికి తనకోసం ఏదో కొండల మీది ఆకుతో, పాలు కలపని మసాలా టీ చెప్పుకున్నాడు. టీ వచ్చింది, బిస్కెట్లు రాలేదు. అంగడివాణ్ణి తిట్టడానికి లేచి వెళ్లాడు. అవ్వ తొణక్కుండా ఆ టీని తన ఖాళీ గ్లాసులోకి ఒంపేసి, దారికని ఫ్లాస్కులో తెచ్చుకున్న శొంఠి కాపీ ఆయన కప్పులో పోసింది. నేను నవ్వాపుకోలేక పావడా అంచు నోట్లో కుక్కుకున్నాను.

ఆయన వచ్చాడు, ఒక గుక్క తాగాడు, కళ్లు మూసుకున్నాడు. ఆహా, ఆకంటే ఇదీ, పల్లెటూరి నాలుకలకు దీని రుచి అందదు అన్నాడు.

“దాంట్లో ఆకు యాడుండాదప్పా?” అనింది అవ్వ. “పొద్దున మా పొయ్యి మీద నేనే కాచిన శొంఠి కాపీ అది. లేని ఆకును కనిపెట్టినావు, ఇంగ మా పాపలో లేని తప్పులు ఎన్ని కనిపెడతావో!”

దొరగారి మొహం కందగడ్డ అయింది. మోసమన్నాడు, మర్యాద తెలియని జనమన్నాడు. చిన్నమ్మ పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

“నాకీ సంబంధం వద్దమ్మా. పోదాం పా,” అనింది.

ఇల్లు చూడకుండానే తిరుగు రైలెక్కాం. తాత ఇంట్లో చిందులు తొక్కాడు. అవ్వ ఆయన చేతికీ ఒక గ్లాసు శొంఠి కాపీ ఇచ్చి కూర్చోబెట్టింది. చిన్నమ్మ తర్వాత తనను నవ్వనిచ్చే మనిషినే చేసుకుంది.

ఈమధ్య కోలారు దాటాక హైవే పక్కన ఒక అంగడిలో మా మనవరాలు నీలం టీ తెప్పించింది. శంఖుపూలతో చేస్తారట, ఆకు అందులోనూ లేదు. పక్క టేబుల్ వాళ్లు ఫొటోలు తీసుకుంటూ, ఒకటే పొగడ్తలు.

“ఎట్లుండాది పాపా?” అని అడిగాను.

“ఉత్త వేడినీళ్లే అవ్వా,” అని పకపకా నవ్వింది.

హమ్మయ్య అనుకున్నాను. దానికీ సంబంధాలు వస్తున్నాయి మరి. రానీ, చూద్దాం. మా అవ్వ ఫ్లాస్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.