దేవుని డబ్బా

పాప పాలపొడి మానేశాక ఖాళీ డబ్బాను నేను పారేయబోతే మా అత్త తీసుకుంది. కడిగి, ఎండబెట్టి, వంటింట్లో బియ్యం సంచి పక్కన పెట్టింది. అంతకుముందు ఆ చోట మట్టి ముంత ఉండేది. అది పగిలిపోయాక ఈ డబ్బాయే మా పుంగనూరు ఇంట్లో దేవుని డబ్బా అయింది.

వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ, కడిగే ముందు, అందులోంచి ఒక గుప్పెడు ఆ డబ్బాలో పోయాలి. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో కట్టుకుని చర్చికి తీసుకుపోవాలి. ముందు వరుసకు ఎదురుగా గోనెపట్టా పరిచి ఉంటుంది. ఆడవాళ్ళంతా వరుసగా వెళ్ళి తమ సంచులు అందులో కుమ్మరిస్తారు. సన్నబియ్యం, రేషన్ స్టోరు బియ్యం, పాత బియ్యం, నూకలు అన్నీ ఒకే కుప్ప. ఆ కుప్పలోంచే సంఘంలోని ముసలివాళ్ళకీ, జబ్బుపడిన ఇళ్ళకీ పంచుతారు.

నేను పుట్టి పెరిగింది మదనపల్లెలో. డిగ్రీ చదివింది అక్కడే. మా ఇంట్లో నాన్న కానుకను కవరులో పెట్టి ఇచ్చేవాడు తప్ప ఈ గుప్పెడు అలవాటు లేదు. పెళ్ళై పుంగనూరు వచ్చిన కొత్తలో బియ్యం కడగబోతుంటే అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"నిలు మే. ముందు ఆయప్పకు తియ్యి."

"ఏ అప్పకు అత్తా?" అన్నాను. మామ పోయి అప్పటికే చాలా ఏళ్ళైంది.

"పైనుండే ఆయప్పకు," అని ఆమె ఇంటికప్పు వైపు చూపించింది. మా ఆయన వసారాలోంచి పడీ పడీ నవ్వాడు.

పాపకు ఏడాదిన్నర వయసులో మొదటిసారి ఫిట్స్ వచ్చింది. జ్వరంగా ఉందని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గంజి తాగిస్తున్నాను. గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. పాప కళ్ళు పైకి తేలిపోయాయి. ఒళ్ళు కొయ్యలా బిగుసుకుని, తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాయి. నేను అరిచిన అరుపుకు పక్కింట్లో మిషను కుడుతున్న టైలర్ పరుగెత్తుకొచ్చి, పాపను భుజాన వేసుకుని ఆటో కోసం బజారు వైపు ఉరికాడు. వెనకాలే నేనూ, చెప్పుల్లేకుండా. ఆసుపత్రి చేరేలోపే అది ఆగిపోయింది. పాప నిద్రలేచినట్టు లేచి నీళ్ళు అడిగింది.

జ్వరం ఒక్కసారిగా పెరిగితే కొంతమంది పిల్లలకు ఇలా వస్తుందనీ, ఐదారేళ్ళు దాటేసరికి చాలామందికి దానంతటదే పోతుందనీ డాక్టరు ఓపికగా చెప్పాడు. వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఆగకపోతే వెంటనే తీసుకురావాలి. నాకు అంతా అర్థమైంది. అత్తకూ, మా ఆయనకూ, టైలర్ భార్యకూ నేనే మళ్ళీ వివరించి చెప్పాను. పరీక్షలో అడిగితే పూర్తి మార్కులు వచ్చేవి.

కానీ చెయ్యి మాత్రం పాప నుదుటిని వదిలేది కాదు. ఆడుకుంటున్నా, తింటున్నా, చర్చిలో పాట మధ్యలో అయినా తడిమి చూసేదాన్ని. టైలర్ భార్య ఎత్తుకుంటే ఐదు నిమిషాలకే ఏదో సాకుతో తెచ్చేసుకునేదాన్ని. ఆదివారం బడిలో పిల్లలంతా చాప మీద కూర్చుంటే, నా కూతురి వెనక నేనూ కూర్చునేదాన్ని. పిల్లలు నన్ను చూసి మోచేతులతో పొడుచుకునేవారు.

ఆ రోజుల్లోనే ఒకసారి వంటకు బియ్యం తీసి, గుప్పెడు డబ్బాలో పోసి, కడగబోతుంటే వసారాలో పాప తుమ్మింది. లేచి వెళ్ళి చూశాను. ఒళ్ళు చల్లగానే ఉంది. తిరిగి వచ్చి, ఎందుకు చేశానో తెలియదు, ఇంకొక గుప్పెడు డబ్బాలో పోశాను. ఆ రోజు పాపకు ఏమీ కాలేదు. అక్కడే వచ్చింది చిక్కు. ఏమీ కాకపోయేసరికి ఆ గుప్పెడే కాపాడిందనిపించింది. ఇక తుమ్మితే ఒకటి, సరిగ్గా తినకపోతే ఒకటి. వానలో తడిస్తే మరొకటి. వండే వేళే కానక్కర్లేదు, భయం వేసినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళేదాన్ని.

ఆదివారం నా గుడ్డసంచి బరువు పెరిగింది. చర్చి పాస్టరు అయ్యగారి భార్యను మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. ఆమె ఒకరోజు నా సంచిని చేత్తో ఎత్తి చూసి, ఆడవాళ్ళందరి ముందూ అన్నది: "చూడండమ్మా, ఈ చెల్లెలి విశ్వాసం! చిన్న కుటుంబమే, కానీ ఎంత తెచ్చిందో!" అందరూ "స్తోత్రం" అన్నారు. నేను తల వంచుకుని, ఆ గుప్పెళ్ళు పోసిన చేత్తోనే పాప నుదురు తడిమాను.

ఇంట్లో మాత్రం నెల నిండకుండానే బియ్యం అయిపోతోంది. అత్త ముందు ఎలుకల్ని అనుమానించింది. తర్వాత టైలర్ వాళ్ళ కోడిని. నెలాఖరు వచ్చేసరికి రెండు పూటలా రాగి సంగటే. ఒక రాత్రి మా ఆయన సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుంటూ, "సూడమ్మా, మనింట్లో దేవుడు అన్నం తింటాండాడు, మనం సంగటి తింటాండాము," అన్నాడు. తమాషాకే అన్నాడు గానీ, అత్త చెయ్యి ముద్ద మీద ఆగిపోయింది.

మర్నాడు ఆమె చేట నిండా చెనక్కాయలు తెచ్చుకుని వంటింటి గడప దగ్గర కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. నేను మామూలుగా ఒక గుప్పెడు పోశాను. పాప దగ్గింది. రెండోది పోశాను.

"మే, ఒగ పూటకు ఎన్నిసార్లు పెడతావు?"

దాచడానికేమీ లేదు. చెప్పాను. ఆమె చెనక్కాయ పొట్టు ఊది, చేట పక్కకు జరిపింది.

"ఆయప్పను గుమాస్తా అనుకుంటివా, చెయ్యి తడిపితే పని జరిగేదానికి?"

"అట్ల కాదత్తా..."

"ఇంగ ఎట్ల? పెట్టింది తియ్యకూడదు, సరే. ఇంగమీదట ఒగటే పెట్టు. నాకు సంగటి అరగల్యా."

ఒకటే పెడతానన్నాను. ఒకదానితో ఆగలేకపోయాను. పిడికిలి చిన్నది చేసుకున్నాను, అంతే.

ఆ ఏడాది వేసవిలో మదనపల్లెలో అమ్మకు కంటి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. నాన్న అప్పటికి లేడు. నేను ఒక్కతే కూతురిని. పాపను వెంట తీసుకుపోతానంటే అత్త ఒప్పుకోలేదు. "ఆస్పత్రికి పసిబిడ్డను తీసకపోతారా ఎవరన్నా? లేని జబ్బు తగులుకుంటాది. ఈడ నేను ల్యా?" అన్నది. ముందు రోజే ఆదివారం కాబట్టి డబ్బా ఖాళీగా ఉంది. తెల్లవారి బస్సుకు బయలుదేరుతూ, "గుప్పెడు మర్చిపోవద్దత్తా," అన్నాను. ఆమె పాపను చంకన వేసుకుని, "పోయిరా మే, బస్సు పోతాది," అన్నది.

మదనపల్లెలో రోజూ సాయంత్రం ఎస్టీడీ బూతుకు వెళ్ళి టైలర్ ఇంటికి ఫోను చేసేదాన్ని. టైలర్ భార్యే ఎత్తేది.

"పాప ఎట్ల ఉండాది అక్కా?"

"బాగుండాది. ఇప్పుడే మా ఇంట్లో సేమియా తినె. ఫికర్ నక్కో కరో, ఏం దిగులు పడొద్దు, అమ్మను సూసుకో."

మూడో సాయంత్రం పాపను పిలవమన్నాను, ఒకసారి గొంతు వింటానని. ఆమె కొంచెం తటపటాయించి, "నిద్రపోయినాది," అన్నది. అప్పటికి ఇంకా దీపాలు పెట్టే వేళ కూడా కాలేదు. ఆ వేళ నా కూతురు ఏనాడూ నిద్రపోలేదు.

ఆసుపత్రికి వెళ్ళి అమ్మ మంచం దగ్గర కూర్చున్నాను. కట్టు పక్కకు తీసి మందుచుక్కలు వేస్తుంటే గురి తప్పి చెంప మీద పడ్డాయి. అమ్మ చెంప తుడుచుకుంటూ, "కట్టు కట్టింది నా కంటికి. నువ్వు యాడ సూస్తాండావు?" అన్నది. తర్వాత మెల్లగా, "రేపు నన్ను ఇంటికి పంపిస్తారు. పక్కింటాయమ్మ ఉండాది. నువ్వు పో," అన్నది. మర్నాడు అమ్మను ఇంట్లో దించి, దొరికిన మొదటి బస్సు ఎక్కాను.

నేను వెళ్ళేసరికి పాప వసారాలో కూర్చుని బొరుగులు తింటోంది. తను ఒకటి తిని, కోడికి ఒకటి వేస్తోంది. ఎత్తుకుని నుదురు తడిమాను. చల్లగా ఉంది. అత్త నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చి, నేను తాగేదాకా ఆగి చెప్పింది.

"నిన్న మద్యాన్నం వచ్చె మే. జరం తగిలింది, తడిగుడ్డ వేస్తాండా, అంతలోనే వచ్చె. నువ్వు చెప్పినట్లే పక్కకు తిప్పినా. ఇనుము పెడితే నిలస్తాదని టైలర్ పెండ్లాం బిడ్డ చేతిలో బీగాలు పెడదామనె. వద్దంటిని. కొంచేపటికి నిలిచిపోయె. ఆస్పత్రికి తీసకపోయి సూపించుకోనొస్తిమి. వచ్చి పండుకునింది. అప్పుడే నీ ఫోను."

"నాకు యాల చెప్పలేదు?" అరిచాను. అత్త మీద నేను గొంతు పెంచడం అదే మొదలు. టైలర్ భార్య గోడ అవతలి నుంచి తొంగి చూసి, మళ్ళీ తల దించేసుకుంది.

"చెప్తే ఏం చేస్తావు? ఆడ ఆయమ్మకు కంట్లో కుట్లు. ఆయమ్మను వదిలిపెట్టి బస్సులో ఏడుస్తా వస్తావు. నువ్వు వచ్చేలోపల ఇది లేచి కోడి ఎనకాల పడి తిరగతాంటాది."

నేను ఏడుస్తూ వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీశాను. అడుగు తళతళలాడుతోంది. ఒక్క గింజ లేదు.

"అదా," అంది అత్త వెనకనుంచి. మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "మర్చిపోతిని మే. నువ్వు పోయినప్పట్నించీ ఒగ పొద్దు కూడా పెట్టలేదు. పిల్లను సూసేదా, డబ్బాను సూసేదా?"

పొయ్యి పక్కన కూర్చుండిపోయాను. నేను ఎన్నటికీ జరగకూడదనుకున్నది నేను లేనప్పుడు జరిగింది. డబ్బా ఖాళీగా ఉండగా జరిగింది. ఎలా వచ్చిందో అలాగే పోయింది. పాప వసారాలో కోడితో మాట్లాడుతోంది. ఆ సాయంత్రం ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే మాటలు రాలేదు. ఇన్నాళ్ళూ దేవునితో మాట్లాడుతున్నాననుకున్నాను. నిజానికి ఆయన్ను ఒక్క మాటైనా మాట్లాడనివ్వకుండా బియ్యం పోస్తూనే ఉన్నాను. అంతమాత్రాన భయం పోలేదు. భయానికీ డబ్బాకూ మధ్య ఉన్న దారం మాత్రం తెగింది.

తర్వాత ఏడాదికి మా ఆయనకు కుప్పం బదిలీ అయింది. అత్త పుంగనూరు వదిలి రానన్నది. సామాన్లు లారీకి ఎక్కిస్తుంటే డబ్బా తెచ్చి నా చేతికిచ్చి, "ఒగటే," అన్నది.

ఇక్కడ వీధిలో తెలుగు, తమిళం, కన్నడం ఒకదాని మీద ఒకటి పడుతూ ఉంటాయి. చర్చిలో గోనెపట్టా మీద ఉప్పుడు బియ్యం కూడా కలుస్తుంది. పాపను కిందటి జూన్‌లోనే బడిలో వేయాల్సింది. ఇల్లు కొత్త, ఊరు కొత్త అని నేనే ఆపాను. ఈ ఏడు మళ్ళీ ఏదో చెప్పబోతే మా ఆయన, "ఇంగో ఏడాది ఆగు. తల్లీబిడ్డా ఇద్దురూ ఒగే బెంచీలో కూర్చుందురు," అన్నాడు. ఆదివారం బడి చాప గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది.

టీచరుకు ఫిట్స్ సంగతి చెప్పాను. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పాను. ఆటో అతనికీ చెప్పాను. అతను అంతా విని, "అమ్మా, ఏనుగులు అడ్డమొచ్చే రామకుప్పం రోడ్డులో తోలినోణ్ణి. మీ పాపను తోల్లేనా?" అన్నాడు. అది ధైర్యమో, ఇంకో భయమో తేల్చుకోలేకపోయాను.

ఈ ఉదయం ఆటో వచ్చింది. పాప సంచి తగిలించుకుని ఎక్కుతూ అడిగింది.

"నువ్వు ఆడనే నిలబడుకోని ఉంటావా?"

"లేదు. లోపలికి పోయి అన్నం చేస్తాను."

"సరే," అని పక్కనున్న పిల్ల వైపు తిరిగిపోయింది. వెనక్కి చూడలేదు.

ఆటో మలుపు తిరిగాక వంటింట్లోకి వచ్చాను. బియ్యం తీసి, ఒక గుప్పెడు డబ్బాలో పోశాను. కడగబోతుంటే నుదురు తడమలేదని గుర్తొచ్చింది. ఎక్కేటప్పుడు చూసుకోలేదు. చెయ్యి దానంతటదే బియ్యం సంచిలోకి వెళ్ళి రెండో గుప్పెడు తీసింది. డబ్బా మీద పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. వేళ్ళ సందుల్లోంచి రెండు మూడు గింజలు జారి నేలమీద పడ్డాయి. పాప ఇంటికి వచ్చేసరికి బాగా ఆకలిగా ఉంటుంది కదా అనిపించింది. ఆ గుప్పెడు వంటబియ్యంలో కలిపి కడిగాను.

ఇప్పుడు పాప నిద్రపోతోంది. రాస్తూ రాస్తూ మధ్యలో లేచి ఒకసారి నుదురు చూసి వచ్చాను. అబద్ధం చెప్పను.

సాయంత్రం ఆటో దిగినప్పుడు ఒక కాలికి సాక్సు లేదు. ఎక్కడ పోయిందని అడిగితే తెలియదంది. బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి చూసి, "ఇంతేనా అన్నం?" అంది.